సగం గ్లాసు టీ

పళ్ల డాక్టరు తన ఆసుపత్రికి తాళం వేసి నెల దాటింది. బయట తిరిగి తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు. భార్య టీ తెచ్చి ఇచ్చింది.

“మళ్లీ సగమేనా?”

“ముందు అది తాగండి. వెళ్లిన పని ఏమైంది?”

“నలుగురినీ కలవండి, కొత్త పని దానంతటదే దొరుకుతుంది అన్నావుగా. కలిశాను. హెడ్మాస్టరు నన్ను చూడగానే నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ‘రెండు పూటలా తోముకుంటున్నాను డాక్టరుగారూ’ అన్నాడు.”

“పాపం. ఉద్యోగం అడిగారా?”

“అడిగేలోపు గంట కొట్టించేశాడు.”

“ప్రింటింగు ప్రెస్సాయనో?”

“కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.”

“అలవాటైన ప్రాణం కదా.”

“నేనూ... వంగి చూశాను.”

“చూశారూ?”

“కింది దవడలో ఒకటి పుచ్చింది. అదే చెప్పాను. ఇక మాట సాగలేదు.”

“బ్రహ్మాండం. పని అడగడానికి వెళ్లి పుచ్చుపన్ను అప్పజెప్పి వచ్చారు.”

“ఊళ్లో సగంమంది నాకు తెలుసనుకున్నానే. ఇరవై ఏళ్లు వాళ్లతో కబుర్లు చెప్పాను.”

“చెప్పింది మీరు. వాళ్ల నోట్లో మీ చెయ్యుంది. పిల్లలు బాగున్నారా అంటే ‘ఆఁ’ అన్నారు. పోయిన మామగారు బాగున్నారా అన్నా ‘ఆఁ’ అనే అన్నారు.”

“వెటకారం చాల్లే. ఇంతమందిని కలిస్తే ఒక్కడూ ఎందుకు మానేశావని అడగలేదు.”

“అడిగుంటే చెప్పేవారా?”

“టీ చల్లారిపోయింది.”

“సరే, నాతో సాధన చెయ్యండి. ఎదుటి మనిషిని ఏదైనా ఒకటి అడగండి. అడిగి, నోరు మూసుకుని వినండి.”

“ఇది కూడా నాకు నేర్పాలా? సరే. ఎలా ఉన్నావు?”

“బాగానే ఉన్నాను. మొన్నటిదాకా పన్ను నొప్పి...”

“ఏ పన్ను? ఏదీ, నోరు తెరువు.”

“చూశారా? రెండో మాటకే.”

“పళ్ల డాక్టరు పెళ్లానికి పన్ను నొప్పా? నాకెందుకు చెప్పలేదు?”

“ఎదురు వీధి డాక్టరు దగ్గర తీయించుకున్నాను.”

“వాడి దగ్గరా? వాడికీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని తెలీదూ? ఇంట్లో నేనుండగా పరువు తీశావు.”

“పరువు కాదు, పన్ను తీయించుకున్నాను. ఆయన డెంటల్ కాలేజీలో పాఠాలు కూడా చెబుతాడట.”

“చెబితే?”

“ఇంకో మనిషి కావాలట. నోటితో చెప్పే పాఠాలే. రేపు పొద్దున మిమ్మల్ని రమ్మన్నాడు.”

“వాడు? నన్ను? నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని నువ్వు ఇదంతా మాట్లాడొచ్చావా?”

“ఆయన చెయ్యి బయటికి తీసి మరీ విన్నాడు.”

“ఎందుకు మానేశానని అడిగుంటాడే.”

“అడిగాడు.”

“విసుగొచ్చిందని చెప్పావు కదా? ఎవరైనా అడిగితే నేను చెబుదామనుకున్నది అదే. ఒకటే నోళ్లు, ఒకటే పళ్లు, విసుగు.”

“లేదు.”

“మరేం చెప్పావు?”

“గ్లాసు నిండా పోస్తే మీ చేతిలో ఒలికిపోతోందని చెప్పాను.”