బీటల గిన్నెలు

ఫొటోకి ముందు చేయాల్సిన పనులు: మొగుడు పిండి కోసం వెళ్లేదాకా ఆగాలి, తెర తీయాలి, ముఖం కనబడకుండా కూర్చోవాలి. బిష్కెక్ నగరంలో క్వారంటైన్ రోజులు. ఫొటోలు తీసే అమ్మాయి మాస్కు పెట్టుకుని కిటికీ బయట నిలబడింది, ఇంటావిడ లోపల కూర్చుంది.

"ముఖం రానివ్వను అక్కా."

"నేనెందుకు? ఈ టీ గిన్నెలు తియ్యి. అన్నీ బీటలే."

"విసిరేశాడా?"

"చదువుకున్నదానివి, ఇదీ అడగాలా? ఇదివరకు చుట్టాలొచ్చేవాళ్లు. బీటల గిన్నెలో టీ పోస్తే పరువు పోతుందని వాటి జోలికి పోయేవాడు కాదు. ఇప్పుడెవరూ రారుగా."

"మరి అప్పుడు మీ జోలికి?"

"నన్నయితే పొడుగు చేతుల గౌను కప్పేస్తుంది. గిన్నెను ఏం కప్పుతుంది?"

అమ్మాయి గిన్నెల ఫొటో తీసింది.

"కింద పేరు వెయ్యనులే అక్కా. చూశాడంటే మిమ్మల్ని బతకనివ్వడు."

"పేరు లేకపోతే ఎవరివో గిన్నెలనుకుంటారు. దారులు తెరిచాక వెయ్యి. అప్పటికి నరిన్‌లో మా అక్క దగ్గరుంటా."

"ఈలోగా ఏమైనా అయితే?"

"అయితే ఇంక ఆగడమెందుకు? వెంటనే వెయ్యి."

దారులు తెరవకముందే అమ్మాయి ఆ ఫొటో కింద పేరు వేయాల్సి వచ్చింది. ఆ గిన్నెలామె పేరు జూరకన్. గుర్తుపెట్టుకోండి.