ముప్పయ్యో చెయ్యి

చెల్లాయమ్మ ఉండేదండి పైడిలంకలో, కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే మనిషి. తాడంటే మీరు బజార్లో కొనుక్కునే నైలాను తాడనుకునేరు, అది కాదు. ఆవిడ పేనిన మోకు పట్టుకుని వరదలో కూడా బల్లకట్టు ఏరు దాటేసేదంట. తాళ్ళు పేనేవోళ్ళు ఎలా నడుస్తారో తెలుసా మీకు? వెనక్కి. ముందుకి నడిస్తే తాడు రాదు మరి. చెల్లాయమ్మ పుట్టి బుద్ధెరిగిన కాడి నించీ వెనక్కి నడిచిందంతా కలిపితే కాశీ వెళ్ళొచ్చినట్టేనని ఊళ్ళో అనుకునేవోరు. అలాంటి ఊళ్ళో ఏవైందంటే, నైలాను వచ్చింది, పేనేవోళ్ళ పని పోయింది. పడుచోళ్ళంతా మూటాముల్లె సర్దుకుని సముద్రం పక్కన రొయ్యల కంపెనీలకి పోయేరు. చెల్లాయమ్మ కూతురు నాగరత్నం కూడా పోయింది. ఒక్కగానొక్క పిల్ల. రోజంతా ఐసులో చేతులెట్టి రొయ్యలు వలవడం, అక్కడే హాస్టల్లో పడుకోవడం. రెండేళ్ళకి కుడిచేతి చిటికెనవేలు బిగుసుకుపోయింది, ఇంక వంగదు. తల్లి ఆ వేలు పట్టుకుని ఏడ్చిందంట. ఎందుకేడవదు చెప్పండి.

అప్పుడొచ్చేరండి గవర్నమెంటోరు. చిన్న చిన్న ఊళ్ళలో జనానికి పనులు పెట్టించే సంస్థ ఒకటుందంట. జీపేసుకుని వచ్చి, రేవుకాడ కుర్చీలేసుక్కూర్చుని, మీకు ఏ పని వచ్చు అని అడిగేరంట. అడిగేరండీ! ఓటు అడిగినోళ్ళని చూసేం, పన్ను అడిగినోళ్ళని చూసేం, మీకేం వచ్చు అని అడిగినోణ్ణి ఎవర్నన్నా చూసేమా? చెల్లాయమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చిందంట. "తాళ్ళు పేనతాం బాబూ" అంది. ఎంతమందని అడిగితే ముప్పై మందిమి అంది. రాసుకున్నారు, వెళ్ళేరు. ఆర్నెల్లు తిరక్కుండా షెడ్డు లేచిందండి! బస్టాండుకి ఇవతల, నాలుగు గోడలు, పైన రేకులు, గిరగిరా ఫ్యాన్లు, కొత్త రాట్నాలు, ముప్పై మందికీ ముప్పై నీలంరంగు స్టూళ్ళు. ఊరు ఊరంతా తిరునాళ్ళకి పోయినట్టు పోయి చూసొచ్చింది. షరతు మటుకు ఒకటే. ఏడాది తిరిగేసరికి ఆఫీసరొస్తాడు, ముప్పై మందీ పనిలో కనపడాలి. కనపడకపోతే షెడ్డుకి తాళం, రాట్నాలు ఇంకో ఊరికి. చెల్లాయమ్మ అదేం చెవినెట్టలేదు. కంపెనీకి కబురెట్టి కూతుర్ని తెచ్చేసుకుంది. తల్లి పక్కనే నాగరత్నం మళ్ళీ పీచు పట్టింది, ఆ వంగని వేలు పక్కకెట్టి నాలుగు వేళ్ళతోనే.

ఇక్కడుందండీ తిరకాసు. షెడ్డు పొడుగు నలభై అడుగులు. మోకుకి కావాల్సింది మూడొందలు. మరి ఆ సంగతి ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పలేదు. మేం వెనక్కి నడుస్తాం సారూ అని చెప్పాలని ముప్పై మందిలో ఒక్కళ్ళకి కూడా తట్టలేదంట. మేం అన్నం నోటితో తింటామండి అని ఎవరన్నా ఆఫీసరుకి చెప్తారా? అదీ అంతేననుకున్నారు. ఆ సంస్థోరేమో కూర్చుని చేసే పనే అనుకున్నారు. ఇంకేవుంది, రాట్నం షెడ్డులో, మనుషులు రోడ్డు మీద! ఎప్పుడు చూసినా లోపల నలుగురుంటే గొప్ప. స్టూళ్ళ మీద క్యారేజీలు పెట్టుకునేవోరు.

అలా ఏడాదైపోయింది. రేపు ఆఫీసరొస్తాడనగా కంపెనీ నించి నాగరత్నానికి ఫోనొచ్చింది, రేపు పది గంటల బస్సుకి వస్తే చోటుంది, లేకపోతే లేదని. పొద్దున్నే ఆ పిల్ల బ్యాగు సర్దేసుకుంది. "అమ్మా, లోపల నలుగుర్ని చూస్తే తాళం ఎయ్యక ఏం చేస్తాడు? రెండూ పోగొట్టుకుని ఏం తింటాం?" అంది. "తాడు సగంలో వదిలేసి పోతావేటే" అందంట చెల్లాయమ్మ. పిల్ల ఏడుస్తానే బస్టాండుకి పోయింది.

ఆఫీసరు పేరు ఫణీంద్ర, వయసులో ఉన్నోడు, ఇస్త్రీ చొక్కా. రాట్నం తిప్పే ముసలాయన బుల్లియ్య ఉన్నాడు చూడండి, ఆయనో ఉపాయం చెప్పేడంట. అందరం లోపల స్టూళ్ళ మీద కూర్చుందాం, ఒళ్ళో ఇంత పీచెట్టుకుందాం, లెక్కెట్టుకుని పోతాడు అని. సరే అని కూర్చున్నారు. ఇరవైతొమ్మిది మంది, ఒక స్టూలు ఖాళీ. ఆఫీసరొచ్చేడు, లెక్కెట్టేడు, ఆ ఖాళీ స్టూలుకేసి చూసేడు. "కానివ్వండమ్మా, పని చెయ్యండి చూద్దాం" అన్నాడు. అంతే! కూర్చుని ఎవడికొచ్చండీ పేనడం? పీచు ఒళ్ళో ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఇరవైతొమ్మిది మందీ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి తప్పితే ఇంకేవీ కదల్లేదంట. "మీకసలు పని వచ్చా?" అన్నాడు ఆఫీసరు, మెల్లిగానే అన్నాడు.

ఆ మాటండీ, ఆ మాట తగిలింది చెల్లాయమ్మకి. లేచి స్టూలు కాలితో ఒక్క తన్ను తన్నింది. "వచ్చా అంటావా బాబూ? బల్లకట్టుకి మోకు ఇయ్యాల్సిందుంది, ఇప్పుడే పేనతాం చూడు. బుల్లియ్య మావా, నువ్వొచ్చి వరసలో ఉండు, నాకొక చెయ్యి తక్కువుంది. నువ్వు రా బాబూ, రాట్నం తిప్పు. మోకు అయిందని నేను కేకేసేదాకా చెయ్యి తీసేవా, పురి విడిపోద్ది, నలుగురి కష్టం నీ పాపాన పోద్ది" అంది. ఆఫీసరు చొక్కా చేతులు మడిచేడండి! మడిచి రాట్నం పట్టుకున్నాడు.

మూడు పేటలు, అంటే సన్న తాళ్ళు, రాట్నం కొక్కేనికి తగిలించి, మూడింటి మధ్యా వేళ్ళెట్టి, చెల్లాయమ్మ వెనక్కి నడిచింది. ఆవిడ వేళ్ళ ముందు మూడూ కలిసిపోయి మోకైపోతా ఉంది. పది అడుగులకో మనిషి మోకు కింద చెయ్యేసి నేలకి తగలకుండా ఎత్తిపట్టుకోవాలి, ఇసక తగిలితే మోకు పాడైపోద్ది. ఒక చెయ్యి, రెండో చెయ్యి, మూడో చెయ్యి. గుమ్మం దాటింది, రోడ్డెక్కింది. సైకిలు షాపు దాటింది, ఇడ్లీ బండి దాటింది. పేనుతున్న మోకుని ఎవరూ దాటకూడదండి మా వైపు. ఎంతటోడైనా ఆగాల్సిందే. ఆటోలు ఆగేయి, పాల వ్యాను ఆగింది, కంపెనీ బస్సు వచ్చి అదీ ఆగింది. డ్రైవరు ఒక్కసారి హారను కొట్టి, చూసి, దిగి చెప్పులిప్పి నిలబడ్డాడు. నేను కళ్ళారా చూసేను, చెప్తుంటే ఇప్పటికీ రోమాలు లేస్తాయి. ఊరు మధ్యన, అంత ఎండలో, అంత పొడుగున బంగారం రంగు మోకు, ఎక్కడా ముడి లేదు, అతుకు లేదు. షెడ్డులో ఆఫీసరుకి ఎవరూ కనపడ్డం లేదు, కానీ ఒక్కో చెయ్యి పడినప్పుడల్లా రాట్నం పిడిలో తెలుస్తుందంట, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. లెక్కెడతానే ఉన్నాడంట ఆయన.

ఇరవైఎనిమిదో చెయ్యి పడింది. అయిపోయేరు మనుషులు. ఇంకా పది అడుగులు రావాలి. మోకు వంగుతుంది, ఇంకా వంగుతుంది, జానెడైతే రోడ్డు మీద ఇసక. చెల్లాయమ్మ వెనక్కి తిరగకూడదు, తిరిగితే పేట జారిపోద్ది. "ఒక్క చెయ్యి! పని తెలిసిన చెయ్యి ఒక్కటి!" అని కేకేసింది. బస్టాండు నిండా జనం. ఒక్కడు కదల్లేదు, తెలీనోడు పట్టుకుంటే పాడు చేస్తాడని భయం. అప్పుడు వెనకాల బ్యాగు కింద పడిన చప్పుడైందంట. మోకు లేచింది. చెల్లాయమ్మ పేటల మీంచి కళ్ళు ఎత్తలేదండి, ఎత్తకుండానే తెలిసిపోయింది. నాలుగు వేళ్ళ పట్టు, అయిదో వేలు లేదు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారతా ఉన్నాయి, తుడుచుకోడానికి చెయ్యేదీ? అలాగే ఆ పదడుగులూ నడిచి, "అయిందీ!" అని కేకేసింది. లోపల ఆఫీసరు "ముప్పై" అన్నాడంట, తిప్పేవోడితో కలిపి కాదు, చెల్లాయమ్మతో కలిపి, తను కాకుండానే. చేతులు చూసుకుంటే రెండు అరచేతులూ బొబ్బలు.

ఆయన మోకు పట్టుకుని బస్టాండు దాకా నడుచుకుంటా వచ్చేడు, ఒక్కొక్కళ్ళకీ దణ్ణం పెట్టుకుంటా. కాగితం మీద ఏం రాసేడో తెలుసా? ముప్పై మందీ పనిలో ఉన్నారు, షెడ్డే పనిలో లేదు, వెనక గోడ కొట్టెయ్యాలి అని రాసేడంట. కొట్టేసేరండి! కొట్టేసి, కాలవ గట్టు దాకా మూడొందల అడుగులు రేకుల పందిరేయించేరు. ఇప్పుడు ముప్పై కాదు, తొంభై మంది వెనక్కి నడుస్తారు అందులో. కంపెనీ బస్సు మా ఊళ్ళో ఆగడం మానేసింది, ఎక్కేవోళ్ళేరీ? గవర్నమెంటోరు తప్పు దిద్దుకోడం నా వయసులో అదొక్కసారే చూసేను, అందుకే చెప్తున్నాను మీకు. మరి ఆ స్టూళ్ళేవయ్యాయంటారా? ముప్పై స్టూళ్ళూ ఊళ్ళోకి చేరేయి, టీ కొట్టుకొకటి, మంగలి షాపుకొకటి. ఇందాకట్నించీ నేను కూర్చున్నది ఏంటనుకున్నారు? చెల్లాయమ్మ తన్నింది ఇదే, చూడండి, ఒక కాలు వంకర.