పోటు నాలుగింటికి, బడి తొమ్మిదింటికి

"ఒక్క ముక్క చెప్పు బాబాయ్, చాలు. 'నేనూ చదువుకుంటూ పని చేశాను వదినా, ఏం కాలేదు' అను. అంతే. పెంచకు," అని పొద్దున బ్రహ్మాజీ వ్యాను దిగీ దిగగానే నాగదుర్గ బతిమాలింది. అతను నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. ఆ ఒట్టు సాయంత్రం టీ వేళ దాటలేదు.

నాగదుర్గ రేపల్లెలో ఇంటరు మొదటి సంవత్సరం. కాలేజీ ఎదురుగా ప్రకాశరావుగారి జిరాక్సు షాపులో సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పని ఉంది, చేరితే కంప్యూటరు కూడా నేర్పిస్తానన్నాడాయన. ఆ పిల్లకి ఆ కంప్యూటరు మీదే ప్రాణం. నాన్న సింగయ్యని అడిగితే "మీ అమ్మనడుగు" అనేసి చేపల లోడుతో తెనాలి మార్కెట్టుకి వెళ్ళిపోయాడు. అమ్మ గంగాదేవి ఎవరేం చెప్పినా వెంటనే నమ్మే మనిషి కాదు. తాజాదో కాదో అని చేపకి మొప్ప ఎత్తి చూసినట్టు మాటకీ మొప్ప ఎత్తి చూస్తుంది. సింగయ్యకి వరసకి తమ్ముడు ఈ బ్రహ్మాజీ. బాపట్ల నుంచి ఐసు వ్యాను తోలుకుంటూ ఆదివారం ఎటూ వస్తాడు కదా, అతని చేత ఓ మాట చెప్పిద్దామనుకుంది నాగదుర్గ. అంతకన్నా తెలివితక్కువ ఆలోచన ఇంకోటి ఉండదని పాపం ఆ పిల్లకి అప్పటికి తెలియదు.

వసారాలో గంగాదేవి చేట ముందు పెట్టుకుని ఎండురొయ్యలకి తలా తోకా గిల్లుతోంది. పక్కింటి హనుమయ్య టీకని వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. బ్రహ్మాజీ గొంతు సవరించుకున్నాడు.

"వదినా, పిల్ల పార్టుటైం అంటోందంట. అందులో తప్పేముంది? నేను చెయ్యలేదా? ఎనిమిదో తరగతి నుంచీ మా మేనమామ పడవెక్కేవాణ్ణి. తెల్లారుజామున వెళ్ళి వలేసి, ఎనిమిదింటికి ఒడ్డుకొచ్చి, ఇంత చద్దన్నం తిని, తొమ్మిదింటికల్లా బడిలో ఉండేవాణ్ణి."

గంగాదేవి తలెత్తకుండా "ఊఁ" అంది. కాదనలేదు. అమ్మ దగ్గర "ఊఁ" అంటే సగం ఒప్పుకున్నట్టే. నాగదుర్గ గుండె కుదుటపడింది. బాబాయ్ అక్కడితో నోరు కట్టేసుకుంటే పనైపోయేది. కానీ హనుమయ్య ఊరుకోడే.

"పడవా, బడీ, రెండూనా? మరి నిద్ర?" అన్నాడు.

"నిద్రని రెండు ముక్కలు చేశాను మావా. కుడికన్ను పడవ మీద పడుకునేది, ఎడమకన్ను క్లాసులో పడుకునేది. మేలుకున్న కన్నుతో పని. ఒక్కోసారి రెండూ మేలుకుని కొట్టుకునేవి కూడా. అదలా ఉంచండి, బడి నాలుగున్నరకి వదిలితే ఇంటికెళ్తాననుకుంటున్నారా? బాపట్ల స్టేషను దగ్గర హోటల్లో పునుగులు వెయ్యాలి. ఎడంచేత్తో పునుగులు, కుడిచేత్తో లెక్కలు. బల్లమీద పిండి పల్చగా పరిచి అందులోనే వేలితో ఆల్జీబ్రా. వాయి తేలేలోపు లెక్క తేలాలి, అది నా రూలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా హెడ్మాస్టరుగారు ఓసారి పునుగు కొరికి, 'ఒరే, ఇందులో ఎక్స్ విలువ తగులుతోందిరా' అన్నారు."

హనుమయ్య టీ ఒలకబోసుకున్నాడు. నాగదుర్గ దగ్గింది. బాబాయ్ ఆ దగ్గు తనకోసమని అనుకోలేదు. అమ్మ వేళ్ళు మాత్రం కాస్త నెమ్మదించాయి. అది చూసి ఆ పిల్లకి భయం పట్టుకుంది. అమ్మ వేళ్ళు నెమ్మదించాయంటే ఆలోచిస్తోందన్నమాటే.

"మరి ఆటలెప్పుడు ఆడేవాడివి?" అడిగింది గంగాదేవి. "ఆ వయసు పిల్లాడు ఆడకుండా ఉండలేడుగా."

"బాగా అడిగావు వదినా. ఆదివారం ఆదివారం కబడ్డీ, అదీ తెనాలిలో. ఓసారి ఫైనలు నాలుగింటికి. నేనెక్కిన రైలేమో చుండూరులో సిగ్నలు లేక ఆగిపోయింది. చూశాను, చూశాను, ఇక లాభం లేదని దిగి పట్టాల పక్కన అందుకున్నాను పరుగు. తెనాలి చేరి, కూతపెట్టి, ఏడుగుర్నీ ఒక్క గుక్కలో అవుట్ చేసి, కప్పు తీసుకుని, సోడా తాగి, స్టేషనుకొచ్చి నిలబడ్డాను. అప్పుడొచ్చింది ఆ రైలు. రైలు కన్నా ముందొచ్చినవాడికి టిక్కెట్టు చెల్లుతుందా లేదా అని టీసీ పుస్తకాలు తిరగేశాడు."

"చెల్లిందా?" అన్నాడు హనుమయ్య.

"ఇంకా తేలలేదు మావా. ఫైలు నడుస్తోంది."

"టీ చల్లారిపోతోంది బాబాయ్, తాగు," అని నాగదుర్గ గ్లాసు తెచ్చి నోటిదాకా పెట్టింది. అతను ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు పక్కనపెట్టి, ముందుకు జరిగి కూర్చున్నాడు. జిరాక్సు మిషను, కంప్యూటరు, షాపులోని ఏసీ గది ఒక్కొక్కటీ చెయ్యి జారిపోతున్నట్టు ఆ పిల్లకి కనబడుతూనే ఉంది.

"ఇదంతా ఒక ఎత్తు, పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఒక ఎత్తు. లెక్కల పేపరు. తొమ్మిదిన్నరకి లోపలుండాలి. వేట మానెయ్యొచ్చుగా అంటారు. మానను. డ్యూటీ డ్యూటీయే. ఆవేళ వలలో పడింది సొర. ఈ వసారాకి ఆ చివర తల పెడితే తోక హనుమయ్య మావ వాళ్ళ వంటింట్లో ఉంటుంది. అది పడవని పట్టుకుని సముద్రంలోకి లాక్కుపోతోంది. మా మేనమామ ఏడుపు. నేను నింపాదిగా జామెట్రీ బాక్సు తీసి, కోణమానినితో దాని తోక కోణం కొలిచి, అయిదు డిగ్రీలు ఎడమకి తిప్పాను. తిరిగింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటించింది, కాలవలోకి తెచ్చింది, వంతెన కింద 'తల వంచు మావా' అని నేనరుస్తుంటే సరిగ్గా బాపట్లలో పరీక్ష సెంటరు గోడ పక్కన దింపింది. మూడు గంటల పేపరు ముప్పావుగంటలో రాశాను. అడిషనల్ షీట్లు ఇచ్చీ ఇచ్చీ ఇన్విజిలేటరు భుజం పట్టేసింది. బయటికొస్తే సొర అక్కడే ఉంది, ఎలా రాశావని అడగడానికి."

"చేప అడిగిందా?"

"నోటితో కాదు మావా. చూపుతో."

హనుమయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. బ్రహ్మాజీ గంగాదేవి వైపు తిరిగి చివరి మేకు కొట్టాడు. "మూడేళ్ళు వదినా. పోటు నాలుగింటికి, బడి తొమ్మిదింటికి. ఒక్కరోజు పడవ తప్పలేదు, ఒక్కరోజు బడి తప్పలేదు. స్కూలు ఫస్టు. అలాంటిది మన పిల్ల మూడు గంటలు జిరాక్సు తియ్యలేదా?"

గంగాదేవి చేట పక్కకి జరిపింది. సొరచేప గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

"మీరు మొగ దాటేది పోటు మీదేనా?"

"పోటు మీదే. నీళ్ళు నిండకపోతే పడవ ఇసుకలో కూర్చోదూ?"

"రోజూ నాలుగింటికే వచ్చేదా పోటు?"

"రోజూ నాలుగింటికే."

"నగరం ఊరికి అవతల మా నాన్నకీ పడవుండేది బ్రహ్మాజీ," అంది ఆవిడ నెమ్మదిగా. "పోటు రోజుకి ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతుంది. ఇవాళ నాలుగింటికి నిండితే వారం తిరిగేసరికి పదింటికి నిండుతుంది. పదింటికి నువ్వు బడిలో ఉండాలి. పోటు బడివేళకి వచ్చినప్పుడు నువ్వెటు వెళ్ళేవాడివి?"

హనుమయ్య నవ్వబోయి బ్రహ్మాజీ మొహం చూసి మానుకున్నాడు. బ్రహ్మాజీ టీ గ్లాసు తీసుకున్నాడు. అందులో ఏమీ లేదు. అయినా తాగాడు.

"పడవకే వదినా," అన్నాడు చివరికి. "వారం బడికి, వారం పడవకి. మళ్ళీ బడికెళ్తే పాఠం ఎక్కడో ఉండేది. పది తప్పాను. లెక్కలే పోయాయి."

నాగదుర్గకి బాబాయ్ మీద అంతదాకా ఉన్న కోపం పోయింది. జాలేసింది. ఇక అమ్మ వద్దనేస్తుంది అనుకుంటూ ఉండగానే గంగాదేవి ఆ పిల్ల వైపు తిరిగింది.

"మరి మీ షాపుకి పోటెప్పుడే?"

అలాంటిదేం లేదమ్మా, ఎప్పుడూ ఒకటే పని అని చెప్పేయొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటిదాకా విన్న కోతలతో నాగదుర్గకే విసుగు పుట్టింది.

"పరీక్షలప్పుడమ్మా," అంది. "ఫిబ్రవరి, మార్చి. నోట్సులూ, హాల్‌టిక్కెట్లూ అని పిల్లలందరూ అక్కడే ఉంటారు. ఆ రెండు నెలలూ పది దాకా ఉండాలన్నారు ప్రకాశరావుగారు. చెబితే వద్దంటావని నీకు చెప్పలేదు."

గంగాదేవి కాసేపు కూతురి మొహంలోకే చూసింది. మొప్ప ఎత్తి చూసే చూపే, కాకపోతే ఈసారి పక్కన పడెయ్యలేదు.

"రేపు నేనూ వస్తాను," అంది. "పిల్ల జనవరి ఆఖరు దాకా వస్తుంది, పరీక్షలయ్యాక మళ్ళీ వస్తుంది, మధ్యలో పిలవొద్దు అని ఆయనతో చెబుతాను. ఒప్పుకుంటే చేరు. ఒప్పుకోకపోతే కంప్యూటరు ఇంకోచోట నేర్చుకుందువుగాని."

బ్రహ్మాజీకి ప్రాణం లేచొచ్చింది. "నీకెందుకు వదినా శ్రమ, నేను మాట్లాడతా. ప్రకాశరావుకి నేనంటే..."

"నువ్వు రావద్దు," అంది గంగాదేవి, చేట మళ్ళీ ముందుకు లాక్కుంటూ. "ఆ 'పది తప్పాను' అన్న ముక్క మొదటే చెప్పుంటే నిన్నే పంపేదాన్ని."