అత్తోరింట్లో వండిన ఆముదం

"తాతా, ఆముదంలో మునగ గింజలేటి? అమ్మమ్మ ఆ మాటెత్తి తెగ నవ్వుతోంది."

నవ్వుతాది మరి. ఏటంటే తల్లీ, మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పటి మాట. అత్తోరిది పొలసర. నేను బరంపురం కాలేజీలో కెమిస్ట్రీ సదివిన కొత్తల్లుణ్ణి. అప్పుడు పొలసరకి పొద్దున్నొకటే బస్సు, అందులో మేకలూ మనుషులూ... ఆ, బస్సు సంగతి అలాగుంచు.

పుట్టబోయే బిడ్డ ఒంటికి రాయడానికని మా అత్తగారు ఆముదం వండుతున్నారు. గింజలు ఏపి, దంచి, నీళ్ళలో మరగబెడితే ఆముదం పైకి తేలతాది. గరిటెతో తీసుకోవడఁవే. ఆ ఏడు వానలకి పంట పోయింది. మిగిలిన గింజలన్నీ ఆ కుండలోనే ఉన్నాయి.

నేను ఊరుకోవొచ్చు కదా! "అత్తయ్యగారూ, కాస్త సోడా ఏస్తే తేటగా వొస్తాది" అన్నాను. సదువుకున్నోణ్ణని ఆవిడ ఎదురు సెప్పలేదు. బట్టల సోడా రెండు సెంచాలు, కాదు, మూడు, ఏసి కలిపినాను. సూస్తూండగానే తెల్లగా, సిక్కగా, పాలు! ఆముదానికి సబ్బు సేసీసినాను. ఆ పాఠం పరీక్షలో రాసినోణ్ణే, పొయ్యికాడ గుర్తుకి రాలేదు.

మా మరదలు ఊరుకుంటాదా? "బిడ్డ పుట్టకముందే బావగారు పాలు కాసీసినారు, ఉగ్గుగిన్నె తెండే!" అన్నాది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "పుట్టినోళ్ళకి ఏటి రాస్తాను?" అని అక్కడే కూలబడిపోయినారు. నాకు తలెత్తబుద్ది కాలేదు.

అప్పుడు ఆవిడ అత్తగారు, బాగా ముసలావిడ, మంచం మీదనుంచి, "బావి నీళ్ళు బురదైతే ఏటి సేస్తాం? మునగ గింజలు దంచి ఏస్తాం. ఇదీ బురదే అనుకోండి" అన్నాది.

"మామ్మగారూ, అది నీళ్ళు, ఇది నూనె" అన్నాను.

"నీ సదువు సూసినాం బాబూ. ఇంక గింజలు ఒలువు."

ఒలిసినాను! దంచి, నీళ్ళలో కలిపి, వడకట్టి పోసి, మెల్లిగా తిప్పి, కదపకుండా ఉంచీసినాం. నాకు అన్నం సయించలేదు. సాయంత్రానికి అడుగున తెల్ల తుక్కు, మధ్యన నీళ్ళు, పైన ఆముదం. సగఁవే వొచ్చింది సుమా. సోడా తిన్నది తిన్నాదే. దాన్నే కడిగి, మళ్ళీ కాసి, సీసాలో పోసి, "దీపానికొద్దు, తలకొద్దు, అంతా బిడ్డకే" అన్నారు అత్తగారు.

మీ అమ్మ పుట్టినాక తొలి నలుగు రోజు, ఆ సీసా నా సేతికే ఇచ్చి, అరసెయ్యి సాపినారావిడ. "కలపకండి బాబూ, పొయ్యండి సాలు" అన్నారు.

అప్పుడు నవ్వినారు.

తప్పు సేసినోళ్ళకి కూడా పీట ఏసే ఇంట్లో పడాల తల్లీ నువ్వు, సల్లగా... అదిగో, మీ అమ్మమ్మ మళ్ళీ నవ్వుతోంది సూడు.