కనకయ్య కడిగిన గాలి సెన్సారు

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి బయటికొస్తే మొదట కనిపించేది జమునక్క చాయ్ హోటల్. అక్కడ చాయ్ అయిపోయిన రోజులున్నాయి గాని కనకయ్య మాటలు అయిపోయిన రోజు లేదు. మేం కూడా నిజం చెప్పాలంటే చాయ్ కోసం పోయేవాళ్లం కాదు.

ఆ మధ్యాహ్నం మాత్రం పనిమీద పోతూ ఆగినవాడు ఒకడున్నాడు. తండా నుంచి కిరాయికి పాత కారు నడుపుకునే జాల్యా. పొద్దున్నే అతని కారులో పసుపు లైటు వెలిగింది, ఎత్తు ఎక్కమంటే బండి ఆయాసపడుతోంది. తెల్లారితే భార్య చాందీని కాన్పుకు జనగామ దవాఖానకు తీసుకుపోవాలి. బండి దారిలో ఆగితే ఎట్లా అని మనిషికి ఒకటే భయం. మెకానిక్ దగ్గరికి పోయేవాడు నేరుగా పోక చాయ్‌కి ఆగాడు.

"ఇంజన్ బొమ్మ ఉన్న లైటు, గదేనా?" అన్నాడు కనకయ్య. "దానికి మెకానిక్ ఎందుకు తమ్మీ! తాళంచెవి ఇటు దే. గసుంటి లైటు పోయిన నెల నా కారుకు గూడ వచ్చింది. గది గాలి సెన్సారు. ఇంజన్ ఎంత గాలి పీలుస్తందో కొలుస్తది. దుమ్ము వడితె లెక్క తప్పుతది, లైటు వెలుగుతది. నేను కడిగిన. లైటు బంద్."

జాల్యా ఆశగా తాళంచెవి ఇచ్చాడు. కనకయ్య దాన్ని అంగీ జేబులో వేసుకొని కాలుమీద కాలేసుకున్నాడు.

"చాయ్ తాగి చేస్త. ముందుగాల ఇను. సర్వీసు సెంటరోడు ఇంజనంత దించాలె అన్నడు జమునా, ఇంజనంత! నేను బానెట్ లేపిన, గాలి గొట్టానికి రెండు మరలుంటయి, ఇప్పిన, సెన్సారు గుంజిన. లోపల ఎంటిక కన్న సన్నపు తీగ. జర మందు కొట్టిన, ఒక్కసారి తుడిచిన. ఏం మెరిసింది అనుకున్నరు, కండ్లు మూసుకున్న!"

"ఏం మందు కాకా? పత్తికి కొట్టేదా?" ఎరువుల దుకాణంలో పనిచేసే ఉమేష్ అడిగాడు.

"నువ్వు నడుమ మాట్లాడకు. బండి స్టార్ట్ జేసిన. ఇన్ని దినాలు ముక్కు మూసుకొని ఉన్నది గదా, ఒక్కసారి గాలి పీల్చింది. వాకిట్ల మా అంజమ్మ ఆరేసిన చీర దండెం మీదికెల్లి లేచి బానెట్‌ల వడ్డది. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

"చినిగింది."

"చినగలె. ఇస్త్రీ అయి వెనకకెల్లి వచ్చింది! సరె, జర దూరం తోలి సూద్దామని బచ్చన్నపేట తొవ్వ వట్టిన. రెండు దిక్కుల పత్తి తెల్లగ పలిగున్నది, ఏరేటోళ్లు దొరకక రైతులు పరేషాన్. నేను గట్ల పోతుంటె పత్తి కాయలకెల్లి ఊడి ఊడి నా బండి లోపలికే వస్తంది. గింజలు ఒక దిక్కు, దూది ఒక దిక్కు. మూడు ఊర్లు దాటేసరికి వెనక సీట్ల ఆరు పరుపులు!"

"కుట్టి గూడనా?" జమునక్క అడిగింది.

"కుట్టి ఎట్ల వస్తయి? నేను అబద్ధాలు చెప్త లేను గదా. కుట్టుడు మేమే కుట్టుకున్నం."

జాల్యా బల్ల అంచుకు జరిగాడు. "అన్నా, నా బండి ఎత్తు ఎక్కుతదా? తండా దాటినంక ఒర్రె వాగు కాడ ఎత్తు గడ్డ ఉన్నది. ఆడ ఆగితె చాందీ ఆగమైతది."

"గడ్డా! తమ్మీ, భూపాలపల్లి బొగ్గు బాయి సూసినవా? అడుగున నిలవడి మీదికి సూస్తె టోపీ కింద వడ్తది. గండ్లకెల్లి నేను రెండో గేరు మీద, ఒక్క చేతితోటి, ఫోన్ మాట్లాడుకుంట ఎక్కిన. బాయిల దుమ్మంత నా బండే పీల్చింది. ఆడోళ్లు మొగోళ్లు బయటికొచ్చి సూసిన్రు. ఆనాడు ఆరేసిన తెల్లంగిలు పొద్దుగూకెదాక తెల్లగనే ఉన్నయట, ఇప్పటికీ చెప్పుకుంటరు."

"మరి గంత దుమ్ము పీలిస్తె సెన్సారుకు మల్ల దుమ్ము వట్టలేదా?" జాల్యా మెల్లగా అడిగాడు.

కనకయ్య ఒక గుక్క చాయ్ తాగాడు. "పట్టది. కడిగింది ఎవలు మరి! గాడికెల్లి డోర్నకల్. జంక్షన్ల గూడ్సు బండి ఆగున్నది, యాభై ఎనిమిది డబ్బాలు, ఇంజన్ ఖరాబట. నేను గేటు కాడ నిలవడి జర ఎక్సలేటర్ తొక్కిన. గూడ్సు నా దిక్కు మొకం తిప్పింది."

"పట్టాలు వదిలేసా?" ఉమేష్ లేచి నిలబడ్డాడు.

"పట్టాలు గూడ దానెంబడే వచ్చినయి! గార్డు వెనక పచ్చజెండ ఊపుకుంట, 'కనకయ్య గారూ, ఘన్‌పూర్ దాక జర గుంజుకపోరాదుండ్రి' అన్నడు. పెద్దమనిషి అడిగితె కాదంటమా? గుంజుకచ్చిన. గింత తిరిగితె డీజిల్ ముల్లు కిందికి రావాలె గదా? మీదికి వోయింది. బంకోడు నా దగ్గరనే రెండు డబ్బాలు పట్టుకున్నడు. అన్ని తిరిగి ఈడికొచ్చి కూసుంటె, జమునా, పోయేముందు నువ్వు పోసిన చాయ్ గీ బల్ల మీదనే ఉన్నది. ఇంకా కాలుతంది! మూతి కాలింది!"

"గిది మాత్రం పచ్చి అబద్ధం," అంది జమునక్క. "నా చాయ్ ఎన్నడు కాలింది?"

అందరం పడి పడి నవ్వాం. జాల్యా నవ్వలేదు.

"అన్నా, ఒక్కసారి నీ బండి సూపెట్టు."

కనకయ్య కారు హోటల్ పక్కనే నీడకు పెట్టి ఉంది. వెనక సీట్లో పరుపులు లేవు, ఎరువు సంచి ఒకటుంది. కనకయ్య గొప్పగా తన తాళంచెవి తీసిచ్చాడు. జాల్యా లోపల కూర్చొని తాళం తిప్పాడు. బ్యాటరీ లైటు, ఆయిలు లైటు, అన్నీ ఎర్రగా వెలిగాయి. ఇంజన్ బొమ్మ ఉండే చోట మాత్రం చీకటి.

"సూసినవా!" కనకయ్య కిటికీలోంచి తల పెట్టాడు. "తాళం తిప్పినా వెలగది!"

"గదే నా పరేషాన్ అన్నా. తాళం తిప్పంగనే షోరూం కారుకు గూడ గా లైటు ఒకసారి వెలుగుతది. స్టార్టయినంక పోతది. నీది వెలుగనే లేదు."

జాల్యా మీటరు అద్దం మీద గోటితో గీకాడు. నల్లటి గుండ్రని బిళ్ల ఒకటి గోటికి అంటుకొచ్చింది. దాని వెనక పసుపు లైటు నిండుగా వెలుగుతోంది. బండి స్టార్ట్ చేశాడు. దగ్గింది, వణికింది. లైటు పోలేదు.

జమునక్క దగ్గరికొచ్చి చూసింది. "గిది అంజమ్మక్క బొట్టుబిళ్ల గదా?"

కనకయ్య ఆకాశం వైపు చూశాడు.

"సెన్సారు దేనితోటి తుడిచినవ్ అన్నా?" జాల్యా అడిగాడు.

"తువ్వాలతోటి."

"తీగ?"

"జర... తెగింది. కడిగిన మాట మాత్రం నిజం!"

జాల్యా కారు దిగి, కనకయ్య జేబులోంచి తన తాళంచెవి తానే తీసుకున్నాడు. కోపం కన్నా ఎక్కువగా, గండం తప్పిందన్న ఊరట అతని ముఖంలో కనిపించింది. "తీగ ముట్టద్దు, మందు కొట్టి ఆరనియ్యాలె అని మెకానిక్ ఫోన్ల ముందే చెప్పిండు. నేనే ఆశకు వోయిన. పోత అన్నా, తెల్లారితె చాందీని తోల్కపోవాలె."

ఇంకొకరైతే ఆ పూటకు నోరు మూసుకునేవారు. కనకయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"మీకేం ఎర్క! లైటు దాసెతందుకు పెట్టిన అనుకుంటున్నరా? గూడ్సు గుంజిన బండి అది, ఊరందరి కండ్లు వడ్తయని దిష్టిచుక్క పెట్టిన!"

జమునక్క జాల్యా గోటికున్న ఆ నల్లబిళ్లను తీసుకొని, కనకయ్య చెంపమీద పెట్టి గట్టిగా నొక్కింది.

"కారుకెందుకన్నా? దిష్టి తగిలేది గీ నోటికి."