ఖాళీ సీసా

బంగారు గనిలో డ్యూటీ దిగి పరాయి దేశంలో, మనురేవా ఊళ్లోని ఇంటికొచ్చిన కూతురి బ్యాగులోంచి నీళ్ల సీసా తీశాడు తండ్రి. ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. రోజూ నిండుగా తిరిగొచ్చే సీసా ఇవాళ ఖాళీగా ఉంది.

"పారబోసినవా బిడ్డా?"

"తాగిన బాపూ."

"మరి ఇన్ని దినాలు ఎందుకు తాగలే?"

"తాగితే పోవాలె గద! గని లోపల మగోళ్లకే టాయిలెట్ ఉండె. నేనైతే రెండు కిలోమీటర్లు పైకి రావాలె."

"మాకు గా తిప్పలే తెల్వది. మరి ఇయ్యాల?"

"పోయిన నెల ఆడోళ్ల కమిటీ మీటింగ్‌ల మేనేజర్ ముంగట ఈ సీసనే పెట్టిన. షిఫ్ట్ అయ్యేదాక చుక్క ముట్టకుండ ఉండి చూడుండ్రి అన్న."

"ఉన్నడా?"

"పగటి బువ్వ యాళ్లకే చేతులెత్తేసిండు! ఇయ్యాల లోపల మా టాయిలెట్ ఓపెన్ జేసిన్రు. రిబ్బన్ నేనే కట్ జేసిన బాపూ!"

ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ తనకు తట్టని సంగతి. ఆయన లేచి, అల్మారాలోంచి ఆ సీసాకి రెండింతలున్న సీసా తీసి, కడిగి, కూతురి ముందు పెట్టాడు.

"రేపటి సంది ఇది తీస్కపో."