ఏసీ కింద కొలిచిన అంకెలు

వేదిక మీదున్న డైరెక్టర్ గారికి, ముందు వరసలో వాచీ చూసుకుంటున్న పెద్దలకు, టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు, వీళ్లందరి మధ్యా పొగిడించుకోవడం చేతకాక బల్లకేసి చూస్తున్న, ఇవాళ రిటైరవుతున్న మా మేడమ్‌కి నమస్కారం. (నవ్వులు)

మేడమ్ ఇంటివాళ్లు కూడా వచ్చారు కాబట్టి మా పనేమిటో ముందు చెప్పేస్తాను. ప్లేట్లో పల్చటి పొర మీద కణాలు పెంచుతాం, వాటిలోంచి కాస్త కరెంటు పంపి, అవి ఎంత అడ్డుపడుతున్నాయో కొలుస్తాం. దట్టంగా అల్లుకుని పెరిగితే అంకె పెద్దదొస్తుంది. దీనికే మేం జుట్లు పట్టుకున్నాం.

నేను చేరిన కొత్తలో నా అంకెలు మరీ పెద్దవొచ్చేవి. అవే కణాలు, అదే మీటరు, మా సీనియర్ అన్నయ్య కొలిస్తే చిన్నవి. అదుగో, రెండో వరసలో తల దించుకున్నాడే, ఇప్పుడు మా ల్యాబ్‌కి పెద్దదిక్కు, ఆ అన్నయ్యే! "ఈ పిల్ల అంకెలు వండి వారుస్తోంది" అనేశాడు, అందరి ముందూ. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దొంగ అంకెల పిల్ల అని పేరొస్తే ఇంకో ల్యాబ్ గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

మేడమ్ గదిలోకి పిలిచి నిలదీస్తారనుకున్నాను. ఆవిడేమో స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, "ఎలా కొలుస్తావో చూపించమ్మా" అన్నారు. కాసేపు చూసి, తలెత్తి పైకి చూశారు. కొత్తదాన్ని కదా, ఎవరూ కూర్చోని ఏసీ కింద సీటు నాకు పడేశారు. "అబ్బాయ్, నువ్వొచ్చి ఇక్కడ కొలువు" అని అన్నయ్యని పిలిచారు. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పక్కనే కూర్చుని, ప్లేటు వెచ్చగా ఉండగానే కొలవడం అలవాటైన అన్నయ్య నా సీట్లోకొచ్చాడు, ప్లేటు చల్లబడింది, అంకె ఎగబాకింది! (నవ్వులు) నవ్వకన్నయ్యా, ఆ రోజు నీ మొహం చూడాల్సింది. చల్లబడితే కరెంటు నడక మందగిస్తుందని మాకందరికీ తెలుసు. మా గదిలోనూ అదే జరుగుతోందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఆవిడ చేసింది కష్టమైన పని. ఏ ప్లేటు ఎంత వేడిలో కొలిచామో రాయలేదని, అచ్చుకి పంపిన పేపర్‌ని వెనక్కి తెప్పించుకున్నారు. దాంతో ఆవిడ ప్రమోషన్ చేజారింది. "మనకే రెండోసారి రాని అంకె పరాయివాళ్లకి ఎలా వస్తుంది?" అన్నారు, అంతే.

ఏసీ సంగతి బయటపడిన సాయంత్రం మా అమ్మ అడిగింది, "మీ మేడమ్ నిన్ను నమ్మారా?" అని. "నమ్మలేదమ్మా, పక్కన కూర్చుని చూశారు" అన్నాను.

మేడమ్, ఇప్పుడు నన్ను మెచ్చుకునేవాళ్లకీ తప్పు పట్టేవాళ్లకీ కొదవ లేదు. పక్కన కూర్చుని చూసేవాళ్లే రేపట్నుంచి ఉండరు. నా దిగులంతా అదే.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, మీకు సెలవివ్వడానికి నాకు మనసు రావడం లేదు కాబట్టి, నేనే సెలవు తీసుకుంటున్నాను.